ఎండ గిట్టని చర్మానికి మందుల చీటీ



2012 ఏప్రిల్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే అమెరికా వైద్యపత్రిక ఒక ఫొటో అచ్చువేసింది. అందులో ఉన్నది 69 ఏళ్ల పెద్దమనిషి. ముఖంలో కుడి సగం ఆ వయసుకు తగ్గట్టే ఉంది. ఎడమ సగం మాత్రం దళసరెక్కి, లోతైన ముడతలు పడి, జారిపోయి ఉంది. ఆయన 28 ఏళ్లపాటు సరుకుల బండి నడిపాడు. అమెరికాలో డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడు. పక్క కిటికీలోంచి వచ్చిన ఎండ అన్నేళ్లూ ఎక్కువగా ఆ చెంప మీదే పడింది. మన దేశంలో డ్రైవరు సీటు కుడివైపు. అందుకే ఏళ్ల తరబడి లారీ తోలినవాళ్ల రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూస్తే, కిటికీ మీద ఆనించిన కుడిచెయ్యి నల్లగా కనిపిస్తుంది.

ఎండలో కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు రెండు రకాలుగా నేలకు చేరతాయి. మొదటివి యూవీబీ. చర్మం ఎర్రబారి కమిలిపోవడానికి ముఖ్య కారణం ఇవే. మధ్యాహ్నం పూట వీటి జోరు ఎక్కువ. కిటికీ అద్దం వీటిని చాలావరకు ఆపేస్తుంది. రెండోవి యూవీఏ. ఇవి పొద్దున్నించి సాయంత్రం దాకా ఉంటాయి, మామూలు అద్దంలోంచి దూరి వస్తాయి, చర్మం లోపలి పొరదాకా వెళ్లి అక్కడి కొల్లాజెన్ పోగులను దెబ్బతీస్తాయి. ఆ డ్రైవరుకు వైద్యులు చెప్పినవి మూడే: సన్‌స్క్రీన్ రాసుకోవాలి, రెటినాయిడ్ క్రీము వాడాలి, చర్మ క్యాన్సర్ ఏమైనా మొదలైందేమో అప్పుడప్పుడు చూపించుకోవాలి. కారణం కళ్లెదుటే ఉంది కాబట్టి ఆయన చీటీ అంత చిన్నదైంది.

మన ఆస్పత్రుల చర్మవిభాగాలకు వచ్చే చాలామంది విషయంలో కారణం అంత త్వరగా దొరకదు. ‘ఎండ గిట్టడం లేదండీ, బయటికెళ్తే మంట, దురద’ అన్న ఒక్క మాట వెనక ఎన్నో జబ్బులు దాగి ఉండొచ్చు. చీటీ మీద సన్‌స్క్రీన్ పేరు రాసే ముందు, ఆ చర్మం ఎండకు ఎందుకు ఓర్చుకోలేకపోతోందో తేల్చుకోవాలి. ఆ పని జరగకపోతే ఎంత ఖరీదైన ట్యూబు కొన్నా డబ్బు దండగే.

పొలం పనిచేసే నడివయసు మనిషినే తీసుకుందాం. ముఖం, మెడ, ముంజేతులు నల్లబడి, బరకగా మందమెక్కి, రాత్రిళ్లు నిద్రపట్టనంత దురద. ఎండలోకి వెళ్తే ఎక్కువవుతోంది కాబట్టి అది ఎండ జబ్బేనని ఇంటిల్లిపాదీ అనుకుంటారు. కానీ వైద్యుడు కనురెప్పలు చూస్తాడు, మెడ మడతలు చూస్తాడు, మోచేతి మడతలు చూస్తాడు. ఎండ తగలని ఆ మడతల్లోనూ మచ్చ ఉంటే, గాలిలో కొట్టుకొచ్చేదేదో అక్కడ చేరుతోందని అనుమానిస్తాడు. అప్పుడు అడిగే ప్రశ్న ఇది: పొలం గట్ల మీద వయ్యారిభామ ఉందా?

కాంగ్రెస్ గడ్డి అని కూడా పిలిచే ఈ కలుపుమొక్కను మన దేశంలో 1950ల మధ్యలో పుణె దగ్గర గుర్తించారు. అక్కణ్నించి అది దేశమంతా పాకింది. వానలు పడితే చాలు, బీళ్లలో, రోడ్ల పక్కన, రైలు పట్టాల వెంట తెల్లని చిన్న పూలతో విరగబూస్తుంది. దీనిలోని పార్థెనిన్ అనే పదార్థం కొందరి ఒంటికి పడదు. ఎండిన ఆకుల పొడి, కాడల మీది నూగు గాలిలో లేచి చర్మం మీద వాలతాయి. ఏళ్లు గడిచేకొద్దీ కొందరిలో ఆ చర్మం ఎండకు కూడా తిరగబడుతుంది. అప్పుడు మొక్క లేనిచోట కూడా ఎండ సోకితే చాలు, జబ్బు పైకొస్తుంది. వీపు మీద చిన్న చిన్న పట్టీలు అంటించి రెండు రోజుల తర్వాత తీసి చూసే ప్యాచ్ టెస్టుతో దీన్ని నిర్ధారిస్తారు.

ఇలాంటి రోగికి ఒట్టి సన్‌స్క్రీన్ రాసి పంపితే ఏమీ జరగదు. ముందు ఆ మొక్కకు దూరంగా ఉండాలి. దాన్ని పీకే పని ఇంట్లో మరొకరు, చేతికి తొడుగులు వేసుకుని చేయాలి. జబ్బు రేగినప్పుడు కొద్దిరోజులు స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ కావాలి. మొండికేస్తే అజాథయోప్రిన్ మాత్రలు రాస్తారు. ఈ జబ్బులో ఆ మందు ఎలా పనిచేస్తుందో ఢిల్లీ ఎయిమ్స్ చర్మవైద్యులు ఏళ్ల తరబడి పరిశీలించారు. అది వాడినంతకాలం రక్తకణాలు, కాలేయం పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. ఆపైన సన్‌స్క్రీన్. అదీ జింక్ ఆక్సైడ్ లాంటి ఖనిజంతో చేసినదైతే మేలు, ఎందుకంటే ఇలాంటి చర్మానికి సన్‌స్క్రీన్లలోని కొన్ని రసాయనాలు కూడా పడవు.

రెండో ప్రశ్న మాత్రల గురించి. రక్తపోటుకు వాడే చాలా మాత్రల పేర్ల చివర ఇంగ్లిషు ‘హెచ్’ అక్షరం ఉంటుంది. తరచుగా అది హైడ్రోక్లోరోథయజైడ్ అనే మందుకు గుర్తు. నీరు తీసే ఈ మందు కొందరి చర్మాన్ని ఎండకు సున్నితం చేస్తుంది. మొటిమలకూ, ఎలుకల జ్వరానికీ రాసే డాక్సీసైక్లిన్ కూడా అంతే. గుండె లయ తప్పినప్పుడు ఇచ్చే అమియోడరోన్, మోకాళ్లకు రాసుకునే కీటోప్రొఫెన్ జెల్, మానసిక జబ్బుల్లో వాడే క్లోర్‌ప్రొమజైన్ కూడా ఈ వరసలోవే. మచ్చలు ఎప్పుడు మొదలయ్యాయి, మాత్ర ఎప్పుడు మొదలైంది అన్న రెండు తేదీలు పక్కపక్కన పెడితే చాలాసార్లు సంగతి తేలిపోతుంది. మందు మారిస్తే చర్మం కుదుటపడుతుంది. అయితే బీపీ మాత్రనో గుండె మాత్రనో రోగి తనంతట తాను ఆపకూడదు. రాసిన వైద్యుడితో మాట్లాడి, బదులు మందు వచ్చాకే మార్చుకోవాలి.

వంటింటి వైద్యానికీ ఇందులో వాటా ఉంది. ముఖం తేటపడుతుందని నిమ్మచెక్కతో రుద్దుకుని ఎండలోకి వెళ్లేవాళ్లున్నారు. నిమ్మజాతి పండ్లలో సోరలెన్ అనే పదార్థాలుంటాయి. అవి చర్మం మీద ఉండగా యూవీఏ పడితే బొబ్బలు లేస్తాయి, తర్వాత నెలల తరబడి నల్లమచ్చలు మిగులుతాయి. బొల్లికి తరతరాలుగా వాడుతున్న బావంచాల్లోనూ ఉన్నది సోరలెనే. కొలత ప్రకారం మందిచ్చి, నిమిషాలు లెక్కపెట్టి ఎండ చూపిస్తే బొల్లి మచ్చలో రంగు తిరిగొస్తుంది. కొలత తెలియకుండా నూరి పట్టిస్తే ఒళ్లు కాలుతుంది.

మూడో ప్రశ్న తిండి గురించి. దీనికి హైదరాబాదుతో గట్టి సంబంధం ఉంది. మెడ చుట్టూ కంటె వేసినట్టు, ముంజేతులకూ పాదాలకూ ఒకే హద్దు గీసినట్టు చర్మం నల్లబడి పొలుసులు ఊడితే, దానికి తోడు విరేచనాలు, మనసు బాగుండకపోవడం ఉంటే అది పెల్లాగ్రా. నయసిన్ అనే బి విటమిన్ లోపంతో వచ్చే జబ్బు. స్పెయిన్‌లో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు 18వ శతాబ్దంలో దీన్ని వర్ణించాడు. మెడ చుట్టూ పడే ఆ మచ్చకు నేటికీ ఆయన పేరే ఉంది. యూరపులోనూ అమెరికాలోనూ ఇది మొక్కజొన్న మీదే బతికే పేదల్లో కనిపించింది. దక్కనులో మాత్రం జొన్న తినేవాళ్లలో కనిపించింది. ఎందుకో తెలుసుకోవడానికి హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయంలో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు పూనుకున్నారు. ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ అంటున్నది దాన్నే. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటమే కారణమని వాళ్లు 1960లో ప్రతిపాదించారు. ఆ వాదం మీద తర్వాత ప్రపంచమంతటా చాలా చర్చ నడిచింది.

తిండి మారడంతో పెల్లాగ్రా బాగా తగ్గింది. అయినా పూర్తిగా పోలేదు. తిండి మానేసి తాగేవాళ్లలో, క్షయకు ఐసోనయజిడ్ వాడుతూ సరిగా తినలేనివాళ్లలో ఇప్పటికీ వస్తుంది. దీనికి మందు నికోటినమైడ్ మాత్రలు, తక్కిన బి విటమిన్లు, కడుపునిండా మంచి భోజనం. విరేచనాలు, నోటిపూత కొద్దిరోజుల్లోనే తగ్గుముఖం పడతాయి. గుర్తించకపోతే ప్రాణం తీసే జబ్బు ఇది. అలాంటి రోగికి ‘ఎండలో తిరక్కు, ఈ క్రీము రాసుకో’ అని చెప్పి పంపడం కంటే పెద్ద నష్టం లేదు.

పడుచు ఆడవాళ్ల విషయంలో వైద్యుడికి మరో అనుమానం రావాలి. ముక్కు మీదుగా రెండు చెంపలకూ పరుచుకున్న ఎర్రదనం, ఎండకు ఎక్కువవడం, కీళ్లనొప్పులు, నోట్లో పుండ్లు, జుట్టు రాలడం కలిసి ఉంటే అది లూపస్ కావచ్చు. ఈ జబ్బు మూత్రపిండాలనూ పట్టుకోగలదు. అందుకే రక్తపరీక్షతోపాటు మూత్రపరీక్ష కూడా చేయిస్తారు. ఇందులో ఎండ ఒట్టి చర్మాన్నే కాదు, లోపలి జబ్బును కూడా రేపుతుంది. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఈ రోగులకు ఏళ్ల తరబడి వాడాల్సిన మందు. మోతాదు రోజుకు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు మించకుండా చూస్తారు, కంటిపొర దెబ్బతినకుండా కళ్ల వైద్యుడి దగ్గరకూ పంపుతారు. ఈ చీటీలో సన్‌స్క్రీన్ సోకు కోసం రాసింది కాదు. మాత్రతో సమానమైన మందు.

ఇక మంగు మచ్చలు. కాన్పుల తర్వాతో, హార్మోన్ మాత్రల వల్లో, కుటుంబ లక్షణంగానో చెంపల మీద, నుదుటి మీద గోధుమరంగు మచ్చలు పరుచుకుంటాయి. ఎండ వాటిని ముదురు చేస్తుంది. 1975లో అమెరికా చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్టెరాయిడ్ మూడూ కలిపిన మిశ్రమాన్ని ప్రకటించాడు. సరైన చేతిలో, కొద్దివారాల గడువుతో వాడితే అది మంచి మందు. మన దగ్గర జరిగింది వేరు. స్టెరాయిడ్ కలిపిన ఇలాంటి ట్యూబులు తెల్లబడే క్రీములుగా ఇంటింటికీ చేరాయి. పక్కింటావిడ చెబితే కొనుక్కున్నవాళ్లు, మందులషాపులో అడిగి తెచ్చుకున్నవాళ్లు ఏళ్ల తరబడి రాశారు. 2011లో అచ్చయిన ఒక భారతీయ పరిశోధనలో 12 కేంద్రాల చర్మవైద్యులు ముఖం మీది సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలించారు. వాళ్లలో 433 మంది ముఖానికి స్టెరాయిడ్ రాస్తున్నట్టు తేలింది.

స్టెరాయిడ్ మొదట నిజంగానే ముఖాన్ని తేటపరుస్తుంది. ఆ తర్వాత చర్మం పలచబడుతుంది, సన్నని రక్తనాళాలు ఎర్రగా పైకి తేలతాయి, మొటిమలు లేస్తాయి, అవాంఛిత రోమాలు వస్తాయి. చివరికి కాసేపటి ఎండకు కూడా ముఖం మండిపోతుంది. క్రీము మానితే మంట ఇంకా ఎక్కువై, మళ్లీ అదే ట్యూబు దగ్గరకు తీసుకెళ్తుంది. కేంద్ర ప్రభుత్వం 2018లో ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులను వైద్యుడి చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలోకి తెచ్చింది. నిబంధన కాగితం మీద ఉంటే చాలదు, దుకాణాల్లో అమలు కావాలి. మంగుకు రాసే ప్రతి చీటీ మీద ‘ఇన్ని వారాలే’ అని గడువు వేయడం వైద్యుడు చేయాల్సిన పని, ఆ గడువు దాటకపోవడం రోగి చేయాల్సిన పని. గర్భిణికి ట్రెటినాయిన్, హైడ్రోక్వినోన్ రెండూ రాయరు. అవసరమైతే అజెలాయిక్ ఆమ్లం వాడతారు.

ఇప్పుడు సన్‌స్క్రీన్ సంగతి. డబ్బా మీది ఎస్‌పీఎఫ్ అంకె ప్రధానంగా యూవీబీ గురించి చెబుతుంది. 15 అయితే దాదాపు 93 శాతం, 30 అయితే 97 శాతం, 50 అయితే 98 శాతం కిరణాలను ఆపుతుందని లెక్క. 30 నుంచి 50కి వెళ్తే పెరిగేది ఒక్క శాతం. యూవీఏ కోసం చూడాల్సింది పీఏ అనే గుర్తు, దాని పక్కన ఉండే ప్లస్‌లు. జపాన్‌లో పుట్టిన ఈ పద్ధతిలో నాలుగు ప్లస్‌లు అంటే అన్నిటికన్నా ఎక్కువ రక్షణ. మంగు ఉన్నవాళ్లకు ఇంకొక అడుగు అవసరం. మనలాంటి గోధుమరంగు, నల్లని చర్మాలను కంటికి కనిపించే వెలుగు కూడా ముదురు చేస్తుంది. మామూలు సన్‌స్క్రీన్ ఆ వెలుగును ఆపలేదు. ఐరన్ ఆక్సైడ్ కలిసిన, చర్మం రంగులో ఉండే సన్‌స్క్రీన్ ఆపుతుంది. తెల్లగా సున్నం పూసినట్టు కనిపించే బాధ కూడా దానితో తప్పుతుంది.

అసలు లోపం కొలతలో ఉంది. ప్రయోగశాలలో ఎస్‌పీఎఫ్ కొలిచేటప్పుడు చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు పూస్తారు. జనం అందులో సగమో, పావో పూస్తారు. అప్పుడు 50 అని రాసి ఉన్నది 50లా పనిచేయదు. ముఖానికీ మెడకూ కలిపి చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు చారలు పిండుకుంటే సుమారుగా సరిపోతుంది. బయటికి వెళ్లే పావుగంట ముందు రాసి, ఎండలోనే ఉంటే రెండు గంటలకొకసారి మళ్లీ రాయాలి. చెమట తుడుచుకుంటే క్రీము కూడా తువ్వాలుకు అంటుకుపోతుంది. ఒకసారికి గ్రాము చొప్పున రోజుకు రెండుసార్లు రాస్తే 50 గ్రాముల ట్యూబు 25 రోజుల్లో అయిపోవాలి. అదే ట్యూబు ఆరునెలలు వచ్చిందని రోగి చెబితే, మందు పనిచేయలేదనడానికి లేదు, అది ఒంటి మీదికే చేరలేదు. అందుకే చీటీ మీద సన్‌స్క్రీన్ అని పేరు మాత్రం రాస్తే చాలదు. ఎంత, ఎప్పుడు, ఎన్నిసార్లు అన్నవి మాత్రకు రాసినట్టే రాయాలి.

సరిగా వాడితే ఫలితం ఉంటుందనడానికి ఆస్ట్రేలియా సాక్ష్యం చూపించింది. క్వీన్స్‌లాండ్‌లోని నాంబూర్ అనే ఊళ్లో 1992లో 1,621 మందితో పరిశోధన మొదలుపెట్టారు. ఒక వర్గానికి రోజూ సన్‌స్క్రీన్ రాయమన్నారు, రెండో వర్గాన్ని వాళ్ల అలవాటుకే వదిలేశారు. నాలుగున్నరేళ్లకు రోజూ రాసినవాళ్లలో స్క్వామస్ సెల్ అనే రకం చర్మ క్యాన్సర్ గడ్డలు దాదాపు 40 శాతం తక్కువ వచ్చాయి. చర్మం ముదరడం 24 శాతం తక్కువగా ఉందని 2013లో ప్రకటించారు. వాళ్లు తెల్లచర్మం ఉన్నవాళ్లు. మన చర్మంలోని మెలనిన్ క్యాన్సర్ నుంచి చాలావరకు కాపాడుతుంది కాబట్టి ఆ అంకెలను యథాతథంగా మనకు అన్వయించుకోలేం. మనకు ఎండతో వచ్చే చిక్కు ఎక్కువగా మచ్చలు, దురదలు, ఇందాక చెప్పుకున్న జబ్బులు.

రోజంతా పొలంలో ఉండే మనిషి ముఖానికి, మెడకు, చేతులకు రెండు గంటలకొకసారి క్రీము కొనగలడా? చాలామంది కొనలేరు. మిరప కోతల్లో, పత్తి తీతల్లో ఆడకూలీలు చీర మీద మగవాళ్ల పొడుగుచేతుల చొక్కా తొడుక్కుని, తలకు గుడ్డ చుట్టుకుని కనిపిస్తారు. వైద్యశాస్త్రం ప్రకారం కూడా అది చక్కని రక్షణ. దగ్గరగా నేసిన ముదురురంగు బట్ట, పలచని తెల్లబట్ట కంటే ఎక్కువ కిరణాలను ఆపుతుంది. చెమటకు తడిసిన నూలుగుడ్డలోంచి ఎక్కువ దూరి వస్తాయి. రోహిణి కార్తెలో మన మధ్యాహ్నాల యూవీ సూచిక తరచుగా 11 దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అదే అన్నిటికన్నా పై మెట్టు. నీడ మనిషికంటే పొట్టిగా ఉన్నంతసేపూ కిరణాలు బలంగా ఉన్నట్టే. ఎండ గిట్టని జబ్బున్నవాళ్ల చీటీలో పొడుగుచేతుల చొక్కా, వెడల్పు అంచు టోపీ, గొడుగు, పని వేళల మార్పు మొదటి వరసలోనే ఉండాలి.

బట్టలు, నీడ, క్రీము అన్నీ కలిపినా చాలనివాళ్లు కొందరున్నారు. జెరోడెర్మా పిగ్మెంటోసమ్ అనే పుట్టుజబ్బు ఉన్న పిల్లల్లో, అతినీలలోహిత కిరణాలు దెబ్బతీసిన డీఎన్ఏను బాగుచేసే యంత్రాంగం లోపించి ఉంటుంది. ఆ లోపాన్ని 1968లో జేమ్స్ క్లీవర్ కనిపెట్టాడు. పదేళ్లు నిండకముందే వీళ్లకు చర్మ క్యాన్సర్లు రావచ్చు. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే బయటపడే జబ్బు కాబట్టి, మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో దీని గురించి తెలిసి ఉండటం అవసరం. పసిబిడ్డ కాసేపటి ఎండకే కమిలిపోయినా, రెండేళ్లలోపే ముఖం మీద నల్లచుక్కలు లేచినా చర్మవైద్యుడికి చూపించాలి. ఈ పిల్లలకు ఇంటి కిటికీలకు, బడి కిటికీలకు యూవీ ఆపే పొర అంటించాలి, ఎండ తగలనందుకు విటమిన్ డి బయటినుంచి ఇవ్వాలి, కొన్ని నెలలకొకసారి చర్మాన్నీ కళ్లనూ పరీక్షించాలి.

మెలనిన్ తయారుకాని ఆల్బినిజం ఉన్నవాళ్ల పరిస్థితీ ఇంచుమించు ఇలాంటిదే. టాంజానియాలో వీళ్లు దాదాపు 1,400 మందికి ఒకరు ఉంటారు. అక్కడి మోషి పట్టణంలోని ప్రాంతీయ చర్మవైద్య శిక్షణ కేంద్రంలో వీళ్లకోసం కిలీసన్ అనే సన్‌స్క్రీన్‌ను స్థానికంగానే తయారుచేసి ఉచితంగా పంచారు. ఊళ్లకు వెళ్లి చర్మం పరీక్షించి, ఎలా రాసుకోవాలో చూపించి మరీ ఇచ్చారు. మన దేశంలో సన్‌స్క్రీన్‌ను చట్టం సౌందర్య సాధనాల కిందే లెక్కకడుతుంది. లూపస్ ఉన్న కూలీమనిషికి, ఆల్బినిజం ఉన్న బడిపిల్లకు అది మందు. వాళ్లకు ప్రభుత్వ ఆస్పత్రి మందుల కౌంటరులో ఇన్సులిన్‌లా ఉచితంగా అందాలని కోరడం న్యాయమైన కోరిక. టాంజానియా లాంటి పేదదేశం చేసి చూపించింది తెలుగు రాష్ట్రాలకు చేతకానిది కాదు.

ఎండ గిట్టడం లేదని వైద్యుడి దగ్గరకు వెళ్లేవాళ్లు కొంచెం సిద్ధపడి వెళ్తే ఆ పదినిమిషాల పరీక్ష ఎంతో ఉపయోగపడుతుంది. వాడుతున్న మాత్రల అట్టలన్నీ, ముఖానికి పూసిన ట్యూబులన్నీ, సిగ్గుపడకుండా నాటుమందులతో సహా ఒక సంచిలో వేసుకుని వెళ్లాలి. మచ్చలు బాగా రేగినరోజున సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకోవాలి, ఎందుకంటే ఆస్పత్రికి వెళ్లేనాటికి అవి తగ్గిపోయి ఉండొచ్చు. ఎండలోకి వెళ్లిన ఎంతసేపటికి దద్దుర్లు లేస్తాయి, అద్దం వెనక కూర్చున్నా వస్తాయా, ఏ నెలల్లో ఎక్కువ, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అన్నవి ముందే గుర్తుచేసుకోవాలి. బయటికొచ్చే ముందు చీటీలోని ప్రతి మందుకూ ఎంత, ఎన్నిసార్లు, ఎన్నాళ్లు అని అడిగి రాయించుకోవాలి.